ఈతకొలను పక్కన లాలపోసే గది

ఊళ్ళో కొత్తగా కట్టిన వినోద కేంద్రంలో తల్లులు ఈత కొడుతుంటే, చంటిపిల్లలకు యంత్రాలే లాలపోస్తాయి. బిడ్డ ఏడుపు ఆపకపోతే మాత్రం తల్లిని కొలనులోంచి బయటికి పిలిచేస్తాయి.

కాన్పయ్యాక హైమ ఈతకు రావడం ఇదే మొదలు. ఆమె నీళ్ళలోకి దిగిందో లేదో, ఇక్కడ యంత్రం తొట్టిలో కొడుకు గుక్కపట్టాడు.

"తల్లిని పిలుస్తున్నాను," అంది యంత్రం.

"పిలిసినావంటే ఊరుకోను. నీకు సేతులున్నాయి గానీ ఒడి నేదు, ఆడు ఏడవక ఏటి సేస్తాడు?" అంటూ హైమ అత్త నరసాయమ్మ చీర పైకి దోపి, నేలమీద కాళ్ళు చాపుకుని, మనవణ్ణి వాటిమీద బోర్లా పడుకోబెట్టింది. "ఇప్పుడు నీళ్ళు పొయ్యి. మెల్లగ."

యంత్రం పోసింది. ఆమె వీపు రుద్దుతుంటే ఏడుపు కాస్తా ఊఁకొట్టడంలోకి దిగింది. కొలనులోంచి హైమ నవ్వు వినిపించింది.

నరసాయమ్మ పిల్లవాణ్ణి తువ్వాల్లో చుట్టి పక్కన పడుకోబెట్టి లేవబోయింది. అంతలో యంత్రం ఏడుస్తున్న మరో బిడ్డను తెచ్చి ఆమె కాళ్ళమీద పెట్టింది. దాని వెనక ఇంకో రెండు యంత్రాలు పిల్లల్నెత్తుకుని వరసలో నిలబడ్డాయి.

"నాను మీ కాడ పన్లో సేరినానేటి?" అని సణుగుతూనే ఆమె కాళ్ళు సర్దుకుంది. కోడలి ఈత ఇంకా అవలేదు మరి.