పసుపు గుడ్డ

అమ్మవారి మణికట్టుకి కట్టిన పసుపు గుడ్డని పరాయి మనిషి వేలితో ఎత్తి చూశాడు.

"చెయ్యి తియ్యండి," అంది సత్యకుమారి.

మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డున ఆ గుడి కట్టించింది ఆమె భర్త సత్తియ్యే. ప్రతి శుక్రవారం ఆ గుడ్డ మార్చేది ఆమె.

"అమ్మవారికి దెబ్బ తగిలిందాండి?" అడిగాడతను. ఎండలో కూడా చొక్కా చేతులకి గుండీలు పెట్టుకుని ఉన్నాడు.

సత్తియ్యకి ఈ కథ చెప్పడమంటే ప్రాణం. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు కూడా వినడానికి లేచొచ్చారు.

"పోయిన తుఫానుకి నా పడవ తిరగబడిందండి. మునిగిపోతుంటే వెనకనించి గడ్డం కింద చెయ్యేసి లాగింది అమ్మ. ఏంటో తెలీక భయమేసి ఆ చెయ్యి కొరికేశానండి. అయినా వదల్లేదు."

సత్తియ్య నవ్వాడు. పైన ముందు పన్ను లేదు. చిన్నప్పుడే తెడ్డు తగిలి ఊడిపోయింది.

"మొహం చూశారా?"

"చీకటండి. నన్ను ఒడ్డున పడేసి మళ్ళీ నీళ్ళలోకే పోయింది. అమ్మ కాకపోతే ఆ అలల్లోకి ఎవరెళ్తారండి?"

"ఇంకొకరు మిగిలిపోయారేమో అనుకుంటే ఎవరైనా వెళ్తారు. మిమ్మల్ని లాగింది అమ్మవారు కాదండి. మనిషి."

అందరూ సత్తియ్య వైపు చూశారు. అమ్మ స్వయంగా ఒడ్డుకి చేర్చిన మనిషని ఊరు అతనికి మొక్కుతోంది. ఆ ఒక్క మాట నిజమైతే సత్తియ్యకి మిగిలేదేమీ లేదు.

సత్తియ్య చేతిలో అతని చెంప పగిలింది.

"మా అమ్మని అబద్ధమంటావా?"

"వినండి. ఆ రోజు..."

తెడ్డు దవడ మీద పడింది. మాట నోట్లోనే రక్తమైంది.

సంగతేంటో తెలియనివాళ్ళు కూడా తలో దెబ్బా వేశారు. దేవుడి పేరు చెబితే మనిషికి చెయ్యి భలే తేలికవుతుంది. ఒకడు కడుపులో తన్నాడు. ఒకడు జుట్టు పట్టి తలని గుడి మెట్టుకేసి కొట్టాడు. అతను ఒక్కరి మీదా చెయ్యెత్తలేదు.

"చచ్చిపోతాడు, ఆపండి," అంటూ సత్యకుమారి అడ్డం పడేసరికి అతను కదలడం మానేశాడు.

"నాటకాలు," అన్నాడు సత్తియ్య, రొప్పుతూ.

ఆమె రక్తంలో కూర్చుని, నాడి చూడ్డానికి అతని చొక్కా చేతి గుండీ విప్పింది.

నాడి లేదు.

మణికట్టు మీద మానిపోయిన పళ్ళ గాటు ఉంది, పై వరసలో ముందు పన్ను చోటు ఖాళీగా.