గుమ్మంలో మంత్రి

"గుమ్మం దగ్గర ఏముంది బాబాయ్?" గుసగుసగా అడిగాడు ప్రాంప్టర్.

"చెప్పులు," అన్నారు రాజుగారు కళ్లు తెరవకుండానే.

"చెప్పులు కాదు, మంత్రి. గుమ్మంలో మంత్రిని నిలబెట్టాం కదా. ఆయన్ని చూడగానే మీకేం గుర్తుకు రావాలి?"

"చెప్పులు బయట విడిచి రమ్మనాలని."

ప్రాంప్టర్ తల పట్టుకున్నాడు.

రాజుగారంటే నిజం రాజేమీ కాదు. ఆ నాటక సమాజంలో ఏళ్ల తరబడి కిరీటాన్ని మరొకరి తలకెక్కనివ్వని నటుడు. పాలవాడు కూడా ఆయన్ని రాజుగారనే పిలుస్తాడు. అలాంటి మనిషికి, కొత్త దర్శకురాలు వచ్చిన దగ్గర్నుంచి మతిమరుపు పట్టుకుంది. మూడో రంగంలో మంత్రిని కొలువు నుంచి పంపేసే చోట నోరు తెరుస్తారు, మాట రాదు. తెరపక్క కుర్చీలోంచి ప్రాంప్టర్ అందిస్తేనే బండి కదులుతుంది. "ఈసారి రిహార్సల్‌లో కూడా ఆగితే వేషం వేరేవాళ్లకి ఇవ్వక తప్పదు" అని దర్శకురాలు నిక్కచ్చిగా చెప్పేసింది.

అప్పటి నుంచి ప్రాంప్టర్‌కి కంటి మీద కునుకు లేదు. అతనికి నత్తి. గొంతు పెంచితే మొదటి అక్షరమే అడ్డం తిరుగుతుంది, గుసగుసలాడితే మాత్రం మాట ధారగా వస్తుంది. అందుకని కూరగాయల బేరం కూడా రహస్యంలాగే చేస్తాడు. అలాంటివాడికి ఇంకెక్కడ పని దొరుకుతుంది? రాజుగారి వేషం పోతే తన పనీ పోయినట్టే. కుర్ర నటుడికి పక్కనుంచి అందించేవాడెందుకు?

అందుకే జ్ఞాపకశక్తి మీద ఎవరో ప్రసంగిస్తున్నారంటే పనిగట్టుకుని వెళ్లి విని వచ్చాడు. ఇంట్లో ఒక్కో చోట ఒక్కో మాటను పెట్టుకుని, ఆ ఇంట్లో నడుస్తున్నట్టు ఊహించుకుంటే మరుపు రాదట. ఊరికే వల్లె వేయకుండా, కాస్త విడిచిపెట్టి మళ్లీ గుర్తుచేసుకోవాలట. కంటినిండా నిద్రపోవాలట.

"నిద్ర విషయంలో మాత్రం నీ మాట జవదాటలేదురా," అన్నారు రాజుగారు.

"హాస్యం కాదు బాబాయ్. నాకు భయంగా ఉంది."

రాజుగారు నవ్వు ఆపేశారు. అతని భుజం మీద చెయ్యి వేసి, "సరే, గుమ్మం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టు" అన్నారు.

రిహార్సల్ రోజున దర్శకురాలు ముందు వరసలో కూర్చుంది. మొదటి రెండు రంగాలూ నల్లేరు మీద బండి నడకలా సాగాయి. మూడో రంగంలో మంత్రి వచ్చి ఎదుట నిలబడ్డాడు. రాజుగారు నోరు తెరిచి, అలాగే ఉండిపోయారు.

'గుమ్మం బాబాయ్, గుమ్మం' అని ప్రాంప్టర్ మనసులోనే మొక్కుకున్నాడు. లాభం లేకపోయింది. దర్శకురాలు విసుగ్గా ముందుకు వంగింది. ఇక ఆగలేక అతనే అందించాడు: "ఇన్నాళ్లూ నా పక్కన నిలబడ్డావు. ఇక సెలవు."

ఆ మాట అందుకుని రాజుగారు పలికిన తీరుకి మంత్రి వేషం వేసినతను నిజంగానే ఏడ్చేశాడు.

రంగం ముగిశాక దర్శకురాలు కళ్లు తుడుచుకుంటూ లేచింది. "మీ తల మీంచి కిరీటం దింపడం నా వల్ల కాదు సార్. మీకు మాటలన్నీ వచ్చేస్తే తెరపక్క ఆ ప్రాంప్టర్ కుర్చీ తీయించి, ఆయన్ని పంపించేస్తానని వచ్చిన కొత్తలో మీతో అన్నాను. ఇప్పుడు చేసేదేముంది? మీరున్నన్నాళ్లూ ఆయనా ఉంటారు."

ఆ సంగతి ప్రాంప్టర్‌కి తెలియనే తెలియదు. ఉద్యోగం నిలబడినందుకు సంతోషించబోయి నీరుగారిపోయాడు. ఒకరి మతిమరుపు మీద తను బతకడమా అని సిగ్గేసింది. ఎలాగైనా బాబాయిని మంచి డాక్టరుకి చూపించాలని నిశ్చయించుకుని మేకప్ గది వైపు నడిచాడు. తలుపు ఓరగా వేసి ఉంది.

లోపల రాజుగారు, రాణి వేషం వేసే అమ్మాయికి ఆమె మాటలన్నీ పుస్తకం చూడకుండా అందిస్తున్నారు.