గాలికన్ను

ఆ ఉదయం వాన లేదు. మబ్బు మాత్రం, లేవనని మొండికేసిన గొర్రెలా, కొండ మీదే కూలబడి ఉంది.

డెరిక్ ఫాసెట్ సైకిలు గోడకు ఆనించి తలుపు తట్టాడు.

యూనివర్సిటీ వాళ్లు అతన్ని యార్క్‌షైర్ పల్లెల మీదికి తోలారు, ముసలివాళ్ల నోట పాత మాటలు రాసుకు రమ్మని. ఉద్యోగం ఏడాదికే. గొప్ప పాత మాటేదైనా దొరికితే ఖాయమవుతుంది. లేదంటే, నాన్న మాంసం కొట్లో కత్తి పట్టాల్సిందే.

దొరుకుతుందని డెరిక్‌కు గట్టి నమ్మకం.

తలుపు తీసింది ఆగ్నెస్ కెర్టన్. అరవై ఆరేళ్ల మనిషి. వంటింట్లో బల్ల ముందు కూర్చోబెట్టింది.

"పుట్టిందిక్కడేనా అమ్మా?"

"ఈ ఇంట్లోనే. మా అమ్మా నాన్నా కూడా ఈ లోయవాళ్లే."

"పళ్లు గట్టిగా ఉన్నాయా?"

"నా పళ్లతో నీకేం పని అబ్బాయ్?"

"పళ్లుంటేనే మాట సరిగ్గా పలుకుతుంది. మా రూలు."

పొయ్యి పక్కనున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు. "ఏమే ఆగ్నెస్, సంతలో గుర్రాన్ని బేరం చేస్తున్నట్టున్నాడే!"

"ఊరుకో టామ్ మామా."

ఆమె పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లో పాలేరు టామ్. తొంభైకి దగ్గర పడ్డాడు.

"నన్నూ ఓ మాట అడుగు బాబూ," అన్నాడు.

"ఇక్కడే పుట్టావా తాతా?"

"ఇక్కడ కాదు. నేను పుట్టింది..."

"అయితే కుదరదు. పైగా ఒక్క పన్నూ లేదాయె. నువ్వనేది సగం గాలికే పోతోంది."

డెరిక్ పేజీ తిప్పేశాడు. టామ్ పైపు నోట్లో పెట్టుకున్నాడు.

రూలు ప్రకారం అడిగే మాట డెరిక్ తను పలకకూడదు. వస్తువు చూపించి, వాళ్ల నోట రప్పించాలి. గరిటె, చీపురు, పశువుల కొట్టం... అన్నీ అందరూ అనే మాటలే. గంట గడిచింది.

చివరికి గోడ వైపు చూపించాడు. "వెలుతురు కోసం పెట్టుకున్నారే, దాన్నేమంటారు?"

"విండో. ఇంకేమంటాం?"

"ఇంట్లో కూడా అంతేనా?"

ఆగ్నెస్ కాస్త సిగ్గుపడింది. "ఇంట్లోనైతే విండౌగ అంటాను. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. బయట అంటే నవ్వుతారు."

డెరిక్ పెన్సిలు ఆగిపోయింది.

వెయ్యేళ్ల కిందట నార్వే నుంచి ఓడల్లో వచ్చి దిగినవాళ్ల మాట అది. అద్దాలెరగని కాలంలో గోడకు కంత ఒక్కటే ఉండేది. విండ్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. గాలికన్ను. అదే అరిగి అరిగి విండో అయింది. ఆ పాత రూపం ఇంగ్లీషువాళ్ల నోట చచ్చి ఎనిమిది వందల ఏళ్లయిందని ప్రొఫెసర్లు తేల్చేశారు.

ఇదిగో, ఈ వంటింట్లో బతికే ఉంది!

"ఇంకోసారి అనండమ్మా."

"విండౌగ. ఏం, తప్పా?"

"తప్పు కాదమ్మా. బంగారం!"

ఆ చలికాలంలో డెరిక్ నిండు సభలో వ్యాసం చదివాడు. ప్రొఫెసర్లు లేచి చప్పట్లు కొట్టారు. వ్యాసం పుస్తకంగా వచ్చింది, ఆ మాట ఎక్కడ బతికుందో చూపే పటంతో. ఇంగ్లండు మొత్తమ్మీద ఒకే ఒక్క ఎర్ర చుక్క, ఆ లోయ మీద. ఉద్యోగం ఖాయమైంది.

మే నెలలో పుస్తకం సంచిలో పెట్టుకుని, ఈల వేసుకుంటూ మళ్లీ ఆ కొండెక్కాడు.

ఇంటి కిటికీల తెరలన్నీ మూసి ఉన్నాయి. ఆగ్నెస్ నల్లబట్టల్లో ఎదురొచ్చింది.

"టామ్ మామను ఇప్పుడే పూడ్చి వచ్చాం. రా అబ్బాయ్, ఓ ముద్ద తిని వెళ్లు."

బల్ల మీద పంది మాంసం, రొట్టె, ఎండుద్రాక్ష కేకు. నలుగురైదుగురు ఇరుగుపొరుగువాళ్లు.

"నీకోసం ఎన్నిసార్లు అడిగాడో," అంది ఆగ్నెస్. "ఆ సైకిలబ్బాయి మళ్లీ రాడా, వాడికి పనికొచ్చే మాటలు నా దగ్గర బస్తాడున్నాయి అనేవాడు. వాళ్ల ఊళ్లో ఆ మాటలాడేవాళ్లు ఒక్కరూ మిగల్లేదట."

"ఆయనకు మీరంటే బాగా ప్రేమనుకుంటాను," అన్నాడు డెరిక్, పుస్తకం కోసం సంచి విప్పుతూ.

"ప్రేమా? మా అమ్మ నన్ను కని పోయింది. నాన్న ఎప్పుడూ గొర్రెల వెంట కొండ మీదే. నన్ను చంకనేసుకుని తిరిగి, ఇది నిప్పు, ఇది నీళ్లు అని మాటలు నేర్పింది టామ్ మామే."

సంచిలో పెట్టిన చెయ్యి అక్కడే ఆగింది.

"అప్పుడు చెప్పలేదేమమ్మా?"

"నువ్వడిగావా అబ్బాయ్? పుట్టిందెక్కడన్నావు, చెప్పాను."

ఆమె అతని కంచంలో మాంసం ముక్క వడ్డించింది.

డెరిక్ తల వంచుకుని తిన్నాడు. కంచం పక్కన, చావుకు వచ్చినవాళ్లకిచ్చే నల్లంచు కార్డు మీద టామ్ అసలు పేరు తోర్‌స్టైన్ అనీ, పుట్టింది నార్వేలో అనీ అచ్చేసి ఉంది.