గుడ్డ కింది బేరం

“ఆ గుడ్డ తీసేలోపు వాన పడితే మన గతేం కాను?” అంది వేజబాయి, బండివాడు హర్జీతో.

హర్జీ తలెత్తి చూశాడు. రేవు మీద మబ్బు ముసురుకొస్తోంది. కొలాబా మైదానంలో పత్తి బేళ్లన్నీ ఆరుబయటే ఉన్నాయి. బొంబాయి వర్తకులు హడావుడిగా గోనెపట్టలు కప్పించుకుంటున్నారు. వేజబాయికి పట్టల్లేవు. ఉన్నవి నలభై బేళ్లు. అవి కూడా పూర్తిగా తనవి కావు. కచ్‌లోని తమ ఊళ్లో పదకొండు ఇళ్లవాళ్లు, “పాచాణ్‌భాయి ఉన్నాడుగా” అని నమ్మి పడవ ఎక్కించిన పత్తి అది. తడిసి ముద్దయితే మళ్లీ ఆ ఊళ్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

బేళ్ల పక్కన పరిచిన చాప మీద ఆమె భర్త పాచాణ్ కూర్చున్నాడు. అతని ఎదుట నేణశీ శేఠ్. ఇద్దరి కుడిచేతుల మీదా శేఠ్ కండువా కప్పి ఉంది. కొలాబాలో బేరమంటే అదే. ధర పైకి చెప్పరు. గుడ్డ కింద చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కి చెబుతారు. నోటితో అనేవన్నీ చుట్టూ ఉన్నవాళ్ల కోసమే. చేతులు బయటికి వచ్చేదాకా ఇంకో కొనుగోలుదారు ఆ సరుకు దరిదాపులకు రాకూడదు.

వేజబాయి భయమంతా అదే. నేణశీ శేఠ్ పరాయివాడు కాడు, పాచాణ్‌కు స్వయానా అన్న. అమెరికా యుద్ధం రోజుల్లో పత్తి ధర ఆకాశాన్ని అంటినప్పుడు, పాచాణ్ కంపెనీ వాటాలు కొనే పిచ్చిలో పడి ఉమ్మడి సొమ్మంతా ఊడ్చిపెట్టాడు. “నా గుమ్మం తొక్కితే కాళ్లు విరగ్గొడతా” అని అన్న గెంటేశాడు. తొమ్మిదేళ్లయింది. తల్లి పోయినప్పుడు కూడా అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇవాళ పార్సీ వ్యాపారి ఫ్రామ్‌జీ మంచి బేరానికే వస్తున్నాడు. పది అడుగుల దూరంలో ఉండగా శేఠ్ ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో, చాప మీద చతికిలబడి తమ్ముడి చెయ్యి లాక్కున్నాడు. అప్పట్నుంచీ వదలడం లేదు.

“ఇదేం దూదయ్యా?” శేఠ్ గొంతు మైదానమంతా వినబడుతోంది. “మా ఇంట్లో పాత పరుపు చింపితే ఇంతకన్నా మంచిది రాలుతుంది!”

“సరిగ్గా చూసి మాట్లాడు శేఠ్,” అన్నాడు పాచాణ్.

“చూశాను. సగం గింజలే! పత్తి అమ్మడానికొచ్చావా, పశువుల దాణా అమ్మడానికొచ్చావా?”

చుట్టూ చేరిన దళారులు పగలబడి నవ్వారు.

వేజబాయి పళ్లు నూరింది. బావగారి ముందు ముసుగు తియ్యకూడదు, నోరు మెదపకూడదు. అందుకని ఎద్దు వైపు తిరిగింది. “ఏరా, నీ కడుపు మండ! నువ్వు తినవు, ఇంకొకళ్లని తిననివ్వవు! తోడబుట్టినవాడన్న జాలైనా లేదట్రా నీకు?” అంది గట్టిగా.

ఎద్దు చెవులు ఆడించింది. శేఠ్ తల ఇటు తిప్పలేదు గానీ, “బండి దగ్గర గోల ఎక్కువైంది,” అన్నాడు.

ఫ్రామ్‌జీ గడియారం తీసి చూసుకుంటున్నాడు.

“హర్జీ, పోయి ఆయన్ని ఇంకాస్త ఆగమని బతిమాలుకోరా.”

హర్జీ వెళ్లినంత వేగంగానే తిరిగొచ్చాడు. “చినుకు పడితే మాత్రం వెళ్లిపోతాడటమ్మా. తడి సరుకు ఆయనకి వద్దట.”

వేజబాయి భర్త వైపు చూసింది. అమ్మేవాడికి ఇష్టం లేకపోతే చెయ్యి లాగేసుకోవచ్చు. ఒక్క గుంజు గుంజితే చాలు. కానీ పాచాణ్ కదలడం లేదు. తల వంచుకుని కూర్చున్నాడు. కళ్లల్లో నీళ్లు. అయ్యయ్యో, వేళ్లు విరిచేస్తున్నాడు కాబోలు! తొమ్మిదేళ్ల కక్షంతా ఇవాళే తీర్చుకుంటున్నాడు, వానని తోడు తెచ్చుకుని మరీ!

“లాక్కోండి చెయ్యి,” అని గొణిగింది. “మీకు దణ్ణం పెడతాను, లాక్కోండి.”

మొదటి చినుకు ఆమె ముక్కు మీదే పడింది. ఫ్రామ్‌జీ గొడుగు విప్పి వెళ్లిపోయాడు. చూస్తుండగానే పై వరస బేళ్ల మీద నల్లటి మచ్చలు లేచాయి.

ఇక ఆమెకి ముసుగూ గుర్తు లేదు, మర్యాదా గుర్తు లేదు. ఒక్క పరుగున చాప దగ్గరికెళ్లింది.

“ఇక చాలు, వదలండి! మీ తమ్ముడి మీద కోపముంటే మమ్మల్ని కొట్టండి. పదకొండు ఇళ్ల ఉసురెందుకు పోసుకుంటారు?”

దళారుల నవ్వు ఆగిపోయింది. తమ్ముడి భార్య బావగారి మీద బజారులో నోరెత్తడం వాళ్లెన్నడూ చూడలేదు.

శేఠ్ కండువా తీసి, దాంతో మొహం తుడుచుకుంటూ లేచాడు. ఆమె వైపు చూడలేదు. “గుడ్లప్పగించి చూస్తారేంరా?” అని తన కూలీల మీద అరిచాడు. “నలభై బేళ్లూ మన గోదాముకి చేర్చండి. తడిసినవి కూడా!” అని గబగబా వానలోకి నడిచి వెళ్లిపోయాడు.

కూలీలు బేళ్లు ఎత్తుకుంటున్నారు. వేజబాయి భర్త పక్కన కూలబడింది.

“ఎంతకి తెగ్గోశారు? సగానికా? అంతకన్నా తక్కువా? ఊళ్లో ఏం చెప్పుకుంటాం, చెప్పండి!”

“మనం అనుకున్న ధరే ఇచ్చాడు,” అన్నాడు పాచాణ్.

ఆమె నమ్మలేదు. “నేను అరిచాక దిగొచ్చాడా?”

“కాదు. గుడ్డ కప్పగానే ఇచ్చేశాడు. మొదటి నొక్కుకే.”

“బేరం అప్పుడే కుదిరిపోతే మరి అంతసేపూ గుడ్డ కింద ఏం చేస్తున్నారండీ, సరుకంతా తడుస్తుంటే?”

పాచాణ్ కళ్లు తుడుచుకున్నాడు.

“అన్నయ్య నా చెయ్యి వదల్లేదు.”