ఉన్ని బంతులు

"వెన్నలో మళ్లీ వెంట్రుక!"

డెరెక్ కత్తి మొనతో దాన్ని పైకెత్తి, కిటికీ వెలుతురుకి పట్టి చూపించాడు.

"నాది కాదు," అంది జానిస్.

"నాదెలా అవుతుంది? నా తలమీద ఏముందని?"

కూతురు బెథనీ టోస్టు నములుతూ కిసుక్కున నవ్వింది.

"టోపీలు తెచ్చి వంటింటి బల్లమీద పరిస్తే వెన్నలోకి రాక ఎక్కడికి పోతాయి? అసలు నైలాను బొచ్చు ఇలా రాలుతుందా?" అన్నాడు డెరెక్.

"చవక సరుకు, రాలుతుంది. ఇష్టం లేకపోతే జామ్ రాసుకో."

ఆ యార్క్‌షైర్ ఊళ్లో, గురువారం గురువారం జరిగే కౌన్సిల్ వారి సంతలో జానిస్‌ది టోపీల కొట్టు. వాళ్లమ్మ నిలబడ్డ చోటే తనూ నిలబడింది. ఇంటికి అదే ఆధారం.

ఆ చలికాలమంతా సంతలో ఒకటే గొడవ. జంతువుల బొచ్చు అమ్మడం మాన్పించాలని మిసెస్ థ్వెయిట్ అనే ఆవిడ కౌన్సిల్‌ని నిద్రపోనివ్వడం లేదట. జానిస్ ఆవిడ మొహం చూడలేదు. కరపత్రాల కింద పేరు చూసిందంతే.

ఆ కరపత్రాలు పంచే కాలేజీ పిల్ల ఒకరోజు కొట్టు ముందు ఆగింది.

"మీ టోపీల మీద బంతులు నిజం బొచ్చులా ఉన్నాయండీ."

జానిస్ టోపీ తిరగేసి లోపలి చీటీ చూపించింది.

"చదువుకున్నదానివేగా, చదువు. నైలాను! ఇటుకేసి వస్తే టీ మొహాన పోస్తానని ఆ థ్వెయిట్‌తో చెప్పు."

పై గురువారం వాన.

ఒక ముసలావిడ తల దాచుకోవడానికి జానిస్ కొట్టు పరదా కిందికి వచ్చింది. ఊరికే నిలబడలేక ఒక టోపీ తీసి, పైనున్న బొచ్చుబంతి మీద మెల్లగా ఊదింది. ఏదో అనబోయి ఆగింది.

"ఇవి రాలుతున్నాయమ్మాయ్."

"మా ఆయన పంపాడా మిమ్మల్ని?"

ముసలావిడ నవ్వింది. "ఉన్నితో బంతులు చేస్తే రాలవు. ఇంట్లో ఉన్ని మూలుగుతోంది, నా చేతులా ఊరుకోవు. ఇవి తీసేసి అవి కుట్టిపెట్టనా?"

"అయ్యో, మీకు ఏమిచ్చుకోగలను?"

"టీ ఇవ్వు. చేతికే సుమా, మొహాన కాదు."

జానిస్ పకపకా నవ్వేసింది. తన నోటి గొప్పతనం సంతంతా పాకిందన్నమాట.

ఆవిడ పేరు ఉనా అని చెప్పింది. ఆ రోజు నుంచి ప్రతి గురువారం పండ్ల పెట్టె బోర్లించుకుని కూర్చునేది. అట్టముక్కల చక్రాల చుట్టూ ఉన్ని చుట్టడం, అంచు కత్తిరించడం, మధ్యలో దారంతో బిగించి కట్టడం. చిన్నప్పుడు జానిస్‌కి వాళ్లమ్మ నేర్పింది కూడా ఇలాగే.

ఊడదీసిన బొచ్చుబంతుల్ని ఉనా ఒక దిండు గలేబులో వేసుకునేది.

"అవెందుకు మీకు?"

"కాలువ అవతల తల్లిలేని పసివాళ్లున్నారు. వీటిమీద వెచ్చగా పడుకుంటారు."

పక్క కొట్టు నెవిల్‌నీ అడిగింది ఉనా, అతని టోపీలకూ కుట్టిపెడతానని.

"నీ సూదీ దారం తీసుకుని దయచెయ్యి ముసలమ్మా. నా సరుకుకేం రోగం?" అన్నాడు నెవిల్.

మార్చిలో నిషేధం వచ్చింది. నిజం బొచ్చు దొరికితే కొట్టు చోటు పోతుంది.

మొదటి గురువారమే సంత అధికారి వచ్చాడు. నెవిల్ కొట్టులో టోపీ తీసి ఊదాడు. నాలుగు వెంట్రుకలు పీకి అగ్గిపుల్ల అంటించాడు. నైలానైతే కరిగి పూసలా ముద్దకట్టాలి. అవి చిటపటమని కాలాయి. తల వెంట్రుకలు కాలిన కంపు.

"చీటీ మీద నైలాను అనే ఉందయ్యా!" అరిచాడు నెవిల్.

"నేను కాల్చింది చీటీని కాదు."

జానిస్ తన టోపీల వైపు చూసింది. ఇద్దరికీ సరుకు ఇచ్చింది ఒకే టోకు వ్యాపారి.

అధికారి ఇటు వచ్చాడు. ఒక టోపీ ఎత్తాడు. ఊదాడు. వేళ్లతో నలిపాడు.

"ఉన్ని. చక్కగా కుట్టారు," అని పెట్టేసి వెళ్లాడు.

జానిస్ ఖాళీగా ఉన్న ఉనా పండ్ల పెట్టె మీద కూర్చుంది. ఆ రోజు ఉనా రాలేదు.

మరుసటి గురువారమూ రాలేదు.

జానిస్ అల్లం కేకు చేసి, డబ్బాలో పెట్టుకుని కాలువ దాటింది. అనాథ పిల్లల ఇల్లేదని అడిగితే, అలాంటిదేం లేదు, దెబ్బతిన్న అడవి జంతువుల్ని సాకే షెడ్డు ఒకటుందన్నారు.

తలుపు తీసింది ఆ కరపత్రాల పిల్లే.

"ఉనా కోసం వచ్చాను," అంది జానిస్.

ఆ పిల్ల లోపలికి తీసుకెళ్లింది. చెక్కపెట్టెలో, జానిస్ టోపీల బొచ్చుబంతుల మధ్య, కళ్లు తెరవని నక్కపిల్లలు రెండు ఒకదాన్నొకటి కరుచుకుని నిద్రపోతున్నాయి.

"అమ్మ పక్కనే ఉందనుకుంటాయండి," అంది ఆ పిల్ల. తర్వాత మెల్లగా, "ఉనా గారు సోమవారం పోయారు. నిద్రలోనే."

ఇంకో మాట కూడా చెప్పింది. జానిస్ కేకు డబ్బా అక్కడే వదిలేసి, కాలువ గట్టు వెంట నడిచి ఇల్లు చేరింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర డెరెక్ బంగాళాదుంపల మీద గ్రేవీ పోసుకుంటున్నాడు.

"పక్క ఊరి సంతలోనూ బొచ్చు ఆపాలా వద్దా అని వచ్చే నెల కౌన్సిల్‌లో ఓటు పెడతారట," అంది జానిస్. "నేను వెళ్లి మాట్లాడతాను. నేనెలా మోసపోయానో చెబుతాను."

బెథనీ ఫోర్కు ఆపేసింది.

"నువ్వా!" అన్నాడు డెరెక్. "నువ్వు మొహాన టీ పోస్తానన్న ఆ థ్వెయిట్ పక్కన నిలబడా?"

"ఆవిడ పక్కన నిలబడే భాగ్యం ఇక లేదు, డెరెక్. కప్పు టీ తాగి మన కొట్టు నిలబెట్టి వెళ్లిందే, ఆ ఉనా ఇంటిపేరు థ్వెయిట్."