పొలిమేర లోపల

పొద్దుగూకేలోగా ఊళ్ళో పరాయివాళ్ళు ఒక్కరు కూడా ఉండొద్దని డప్పు కొట్టి చాటింపు వేశారు. జంగమ్మ ఆ చాటింపు వింది. విని, గడప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

ఆ రోజు బొడ్రాయి పండుగ. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డులాగా నడిమధ్యన పాతిన రాయి. మోత్కూరు వైపు పల్లెల్లో ఈ పండుగ చేస్తే పొలిమేర కడతారు. ఊరి చుట్టూ తిరిగి పొలి అన్నం, అంటే బలి అన్నం, చల్లి వస్తారు. ఇక ఆ తర్వాత బయటివాళ్ళు లోపలికి రావడానికి లేదు, లోపలివాళ్ళు బయటికి పోవడానికి లేదు. కట్టే వేళకు లోపల ఉన్నవాళ్ళే ఊరివాళ్ళు. బయట ఉండిపోయినవాళ్ళు ఎన్నాళ్ళున్నా పరాయివాళ్ళే. అదేం చిన్న సంగతి కాదు మరి.

ఆకాశం నుంచి దిగినవాళ్ళు ఈ పల్లెల్లోకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. పేర్లు కలిశాయి. మాట కలిసింది. కట్టూ బొట్టూ కలిశాయి. పచ్చడి గిన్నెలు ఈ గోడ మీంచి ఆ గోడకు నడిచాయి. దేవుళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరెవరో అందరికీ గుర్తొచ్చింది.

జంగమ్మ దేవుడు వేరు. ఆమె ఇంట్లో రాయి లేదు, పటం లేదు, పసుపు లేదు. తెల్లవారగానే కళ్ళు మూసుకుని ఎవరితోనో మాట్లాడుతుంది. ఆ ఎవరో ఊళ్ళో ఒక్కరికీ కనిపించలేదు. ఒళ్ళూ వేరే. ఆమె మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. నడిస్తే మోకాళ్ళు ఒక దిక్కు, పాదాలు ఒక దిక్కు పోతాయి. ఆ ఊళ్ళో ఇంకెవరికీ అలాంటి నడక లేదు. పిల్లలు వెనకాల నడిచి వెక్కిరిస్తారు.

పొద్దు తాటిచెట్ల మీదికి వాలుతుండగా కాటమయ్య వచ్చాడు. పండుగకు పెద్ద అతనే. వెంట నర్సింగమ్మ ఉంది. మొదటి బోనం ఆమెది.

"అవ్వా, రెండు దినాలు మోత్కూరుల ఉండి రా. ఆటో మాట్లాడిన" అన్నాడు కాటమయ్య.

"నేనెందుకు పోవాలె?"

"నీకు తెల్వనిదా? మా రక్తం వేరు, నీ రక్తం వేరు. దేవుడు గూడ వేరాయె."

"నిన్న మా ఇంట్ల పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నప్పుడు నీ రక్తం ఏడ వోయింది?"

నర్సింగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కాటమయ్య నవ్వలేదు.

"ఎగతాళి కాదవ్వా. ఒకప్పుడు మా జాగ మాకు లేకుంట పోయింది. గీ రాయిని పట్టుకొనే నిలబడ్డం. పరాయోళ్ళు లోపలుంటే కట్టు ఆగదు. ఊరు చెదిరిపోతది."

"మాట నేర్సినవు గని మర్యాద నేర్సుకోలే బిడ్డా" అంది జంగమ్మ. "మా దేవుడు గూడ పైనుంచి దిగినోడే. ఆయనకు గూడ గిట్లనే జాగ లేదన్నరు. ఆయన వాపసు పోలే. నేను గూడ పోను."

గోడ పట్టుకుని లేచింది. వాళ్ళిద్దరినీ దాటుకుని, తన నడక నడుస్తూ, తిన్నగా బొడ్రాయి దగ్గరికి పోయింది. రాయికి మూరెడు దూరంలో కూలబడింది.

ఎవరూ ఆమెను లేపలేకపోయారు. ఉపవాసం ఉన్నవాళ్ళు వేరే దేవుణ్ణి మొక్కేవాళ్ళను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మైల. ఊరంతా ఉపవాసమే మరి.

చుట్టూ జనం మూగారు. నాలుగు దిక్కులా పొలి గంపలు పట్టుకుని కాచుకున్నారు. ఆ పొద్దు దాటిపోతే మళ్ళీ ఐదేళ్ళ దాకా పండుగ లేదు. తొందరలో నర్సింగమ్మ పసుపు నీళ్ళ బిందె ఎత్తింది.

"ఆగు. ముందుగాల నవధాన్యాలు" అంది జంగమ్మ. "నీళ్ళు తర్వాత."

జనమంతా కాటమయ్య వైపు తిరిగారు.

"నీ దేవుడు గాదు గదా, నీకెట్ల ఎరుక?" అన్నాడు కాటమయ్య.

"నన్ను గిదివరకు పండుగలప్పుడు గూడ గిట్లనే ఎడంగ నిలబెట్టిండ్రు. దూరం నిలబడ్డోళ్ళకు అన్నీ కనబడతయి. అప్పుడు నిలబడ్డ. గిప్పుడు నిలబడ. కూసున్న."

"లే అవ్వా. నీకు దండం పెడుత."

"దండం రాయికి పెట్టు. నాకు జర నీళ్ళియ్యి. బోరు నీళ్ళు గాదు, మా ఇంట్ల క్యాను నీళ్ళు తేండ్రి."

ఎవరూ కదల్లేదు. నర్సింగమ్మే బిందె దించి, జంగమ్మ ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కింద పెట్టలేదు. చేతికే ఇచ్చింది. వేళ్ళూ వేళ్ళూ తగిలాయి. అందరూ చూశారు.

జంగమ్మ గుక్క తిప్పుకోకుండా తాగింది.

"ముట్టుకున్న. నాకేం గాలే" అంది నర్సింగమ్మ, కాటమయ్య కళ్ళలోకి చూస్తూ. "కట్టుండ్రి. లేకుంటే మొదటి బోనం నువ్వే ఎత్తుకో."

కాటమయ్య పొద్దు వైపు చూశాడు. తాటిచెట్ల వెనక ఇంకా బెత్తెడు మిగిలి ఉంది. చెయ్యి పైకెత్తాడు.

డప్పులు మోగాయి. నవధాన్యాలు ముందు పడ్డాయి, పసుపు నీళ్ళు తర్వాత. పొలి గంపలు నాలుగు దిక్కులకూ పరుగెత్తి, ఊరంతా చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చి కలిశాయి. జంగమ్మ కూర్చున్న చోటి నుంచి కదల్లేదు.

ఫ్లోరిన్ నీళ్ళకు ఎముకలు వంగి జనమంతా వదిలేసిపోయిన ఆ ఊళ్ళో, ఆ సాయంత్రం పొలిమేర లోపల ఉన్న మూడు వందల మందిలోనూ ఈ నేల మీద పుట్టిన మనిషన్నది జంగమ్మ ఒక్కతే.