పేరు తెలియని వ్యక్తులు

ఆరిన బట్టలు మడతపెడుతూనే టీచరు ల్యాప్‌టాప్ వైపు ఓ కన్నేసి ఉంచింది.

దిద్దాల్సిన పరీక్ష పేపర్లు బల్ల మీద కట్టగా పడి ఉన్నాయి. ఆదివారం సగం అయిపోయింది. కానీ ముందు ఈ వర్గం సంగతి తేలాలి.

అందరూ కలిసి ఇంటర్నెట్లో రాసుకునే విజ్ఞాన సర్వస్వం అది. అందులో ఆమె నిర్వాహకురాలు. ఒకే తరహా వ్యాసాలను ఒక శీర్షిక కింద చేరిస్తే దాన్ని అక్కడ వర్గం అంటారు. ఏ వర్గం ఉండాలో, ఏది పోవాలో తేల్చే పని ఆమె నెత్తిన పడి మూడేళ్ళయింది. మెచ్చుకున్నవాళ్ళు లేరు. తిట్టినవాళ్ళకు కొదవ లేదు.

నియమం చిన్నదే. కనీసం ఐదు వ్యాసాలు లేని వర్గం మీద వారం రోజులు చర్చ. ఆ తర్వాత తీసేయడం.

ఈ వారం జాబితాలో ఇరవై మూడున్నాయి. ఇరవై రెండు చడీచప్పుడు లేకుండా పోయాయి.

మిగిలింది ఒక్కటి. ‘పేరు తెలియని వ్యక్తులు’.

“ఇంకా తెగలేదా?” వంటింట్లో బఠానీలు ఒలుస్తూ వదిన అడిగింది.

వదినంటే ఆమె భర్తకు అక్క. ఆసుపత్రి రికార్డు గదిలో పని చేస్తుంది. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉన్నా, ఉన్నట్టు తెలియదు. పనులయ్యాక ఫోను పట్టుకుని మూల కుర్చీలో కూర్చుంటుంది. ఏవో ఆటలాడుకుంటోందని అందరూ అనుకుంటారు.

“ఎక్కడ తెగుతుంది వదినా? చీమ పట్టిన పట్టు వదలడం లేదు.”

ఆ వర్గం పెట్టిన మనిషి అక్కడ రాసుకునే మారుపేరు చీమ. ఆడో మగో ఎవరికీ తెలియదు.

“ఏమంటోంది?”

“ఉన్నవి మూడే మూడు వ్యాసాలు. వరదొస్తుంటే గంట కొట్టి ఊరందరినీ లేపి, తను కొట్టుకుపోయిన ఆవిడ ఒకరు. గని కూలితే ఆరుగురిని బయటికి లాగి, ఏడో మనిషి కోసం వెళ్ళి తిరిగిరాని ఆయన ఒకరు. రైలు ప్రమాదంలో దొరికిన పాప, ఎవరూ వచ్చి అడగని పాప. వీళ్ళకో వర్గమట.”

“ఉంటే ఏం పోయింది?”

“లెక్క కుదరదు. ఆవిడ వరదల్లోకి వెళ్తుంది, ఆయన గనుల్లోకి, పాప రైలు ప్రమాదాల్లోకి. ఎక్కడివాళ్ళు అక్కడ సర్దుకుంటారు.”

బఠానీలు ఒలిచే చప్పుడు ఆగింది.

“ఆసుపత్రిలో మేమూ అలాగే చేసేవాళ్ళం. పేరు తెలియనివాళ్ళని జ్వరాల్లోనో దెబ్బల్లోనో పడేసేవాళ్ళం. తర్వాత అయినవాళ్ళు వెతుక్కుంటూ వస్తే కాగితం దొరికేది కాదు.”

“అది ఆసుపత్రి వదినా. ఇది వేరు. మీకు చెప్పినా అర్థం కాదులెండి.”

వదిన మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

తెర మీద చీమ రాసిన చివరి మాటలున్నాయి. టీచరు పైకి చదివింది.

“‘ఆమెను వరదల్లో వేస్తే వరదలో ఒక సంగతిగా మిగులుతుంది. మనిషిగా మిగలదు. ఇంకో ఇద్దరి గురించి ఆధారాలు వెతుకుతున్నాను. నెల రోజులు ఆగండి.’ విన్నారా? నెలట.”

“ఇవ్వొచ్చుగా.”

“ఇవాళ నెలిస్తే రేపింకొకరు ఏడాది అడుగుతారు. నాకు ఓపిక లేదు వదినా. అయినా పేరే తెలియనివాళ్ళని ఎవరు వెతుకుతారు, చెప్పండి?”

వదిన ఒలిచిన గింజలు గిన్నెలో పోసింది.

టీచరు ‘చర్చ ముగిసింది’ అని రాసి, తొలగించే మీట నొక్కింది.

వంటింట్లో వదిన ఫోను టింగుమంది.

టీచరు దుప్పటి దులిపి మడతపెట్టింది. తువ్వాళ్ళు ఒకవైపు, పిల్లల బట్టలు ఒకవైపు పేర్చింది. ఇంకో పావుగంటకు లెక్చరరు గారు ఫోను చేశారు. ఆయన తొలినాటి నిర్వాహకుల్లో ఒకరు.

“అమ్మా, ఆ వర్గం తీసేశావా?”

“వారం దాటిందండీ. నియమం ప్రకారమే.”

“చీమ వెళ్ళిపోయింది. ‘అలసిపోయాను, సెలవు’ అని ఒక్క ముక్క రాసింది.”

“పోనీండి సార్. ఓ మొండిఘటం తగ్గింది.”



“నువ్వొచ్చి మూడేళ్ళేగా, నీకు తెలియదు. అప్పట్లో మన వ్యాసాలన్నీ కుప్పగా పడి ఉండేవి. నలభై వేలు. ఏదీ వెతికితే దొరికేది కాదు. ఒక్కొక్కటీ చదివి, వర్గాలు కట్టి సర్దింది ఆ చీమ ఒక్కటే. ఎనిమిదేళ్ళు పట్టింది.”

టీచరు చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

“ఐదు వ్యాసాలుండాలన్న నియమం కూడా తను రాసిందేనమ్మా. ‘పని జరుగుతుంటే గడువు పెంచాలి’ అని దాని కిందే రాసింది. మనం పై వాక్యంతోనే ఆగిపోతాం.”

“ఆ మాట తనే చెప్పుకోవచ్చు కదండీ?”

“చెప్పుకుని గెలిచే రకం కాదు.”

“తిరిగి పెట్టేస్తాను సార్. ఇప్పుడే.”

“వర్గాన్ని పెడతావు. మనిషినో?” నీరసంగా అని ఆయన ఫోను పెట్టేశారు.

ఏ కష్టమొచ్చినా ముందు వదినకు చెప్పుకోవడం టీచరుకు అలవాటు. లేచి వంటింట్లోకి వెళ్ళింది.

వదిన లేదు. ఒలిచిన బఠానీలు గిన్నెలో ఉన్నాయి. గట్టు మీద ఫోను వెలుగుతోంది.

‘మీరు సృష్టించిన వర్గాన్ని తొలగించాం.’

ఆ కబురు వర్గం పెట్టిన మనిషి ఒక్కరికే వెళ్తుంది.

టీచరు గబగబా ముందు గదిలోకి వచ్చింది. పిలవాలని నోరు తెరిచింది. వదిన అన్న మాట తప్ప ఏ పేరూ నోటికి రాలేదు. ఆ మాటా బయటికి రాలేదు.

గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకున్న చీమ, వెనక్కి తిరిగి చూడకుండా, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.